సగంలో ఆగే పేజీ: తప్పు సర్వర్‌దా, కోడ్‌దా?

ప్రశ్న: మాది చిన్న సాహిత్య పత్రిక. వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది, షేర్డ్ హోస్టింగ్ మీద నడుస్తోంది. కొన్ని నెలలుగా పేజీలు సగమే వస్తున్నాయి. పొడుగు కథలు ఎక్కడో మధ్యలో ఆగిపోతాయి, కింద ఫుటర్ కూడా ఉండదు. రిఫ్రెష్ కొడితే ఒక్కోసారి పూర్తిగా వస్తాయి. పాత సంచికల సూచిక పేజీ మాత్రం ఎప్పుడు తెరిచినా ఇంచుమించు ఒకే చోట ఆగుతుంది. 2014లో వేసిన ఒక పాఠకురాలి లేఖ అయితే ఎడిటర్‌లో తెరిచినా సగమే కనిపిస్తోంది. హోస్టింగ్ వాళ్లను అడిగితే ‘మా దగ్గర పేజీ పూర్తిగా వస్తోంది, మీ కోడ్ చూసుకోండి’ అంటారు. సైట్ చేసిచ్చిన అబ్బాయి ‘అది సర్వర్ ప్రాబ్లమ్’ అంటాడు. నేను ప్రోగ్రామర్‌ని కాను. వీళ్లిద్దరి మధ్య టెన్షన్ పడలేక హోస్టింగే మార్చేద్దామనుకుంటున్నాను. మార్చమంటారా?

సమాధానం: ఇప్పుడే మార్చకండి. మీరు ఒకే సమస్యగా రాసినవి నాకు మూడు సమస్యల్లా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి హోస్టింగ్ మారిస్తే పోవచ్చు. ఒకటి కొత్త చోటికి కూడా మీ వెంటే వస్తుంది. మూడోదానికి ఇవాళ్టి సర్వర్‌తో సంబంధమే లేదు. ఆ ఇద్దరిలో ఎవరో అబద్ధం చెబుతున్నారని కూడా నేననుకోను. ఒకరు కథ పేజీ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు సూచిక పేజీ గురించి మాట్లాడుతూ ఉండి ఉంటారు.

పేజీ ఎందుకు తెగిందో అది తెగిన తీరులోనే చాలావరకు తెలిసిపోతుంది. ఎన్ని బైట్ల దగ్గర ఆగింది, ప్రతిసారీ అక్కడే ఆగుతోందా, ఆగేముందు ఎంతసేపు పట్టింది, ఆగినప్పుడు కనెక్షన్ మామూలుగా ముగిసిందా లేక మధ్యలో తెగిందా? ఈ నాలుగూ తెలిస్తే చాలు. స్క్రీన్‌షాట్‌లో వీటిలో ఒక్కటీ కనిపించదు. అందుకే ఎన్ని స్క్రీన్‌షాట్లు పంపినా మీకు ఒకటే జవాబు వస్తోంది.

ఇవి తెలుసుకోవడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. కర్ల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. విండోస్ 10లో 2018 నుంచి అది సిస్టమ్‌తోపాటే వస్తోంది, మ్యాక్‌లోనూ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కర్ల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, పక్కన హైఫన్, చిన్న ‘ఓ’ అక్షరం, ఒక ఫైల్ పేరు, ఆ తర్వాత పేజీ అడ్రస్ ఇవ్వండి. పేజీ ఆ ఫైల్‌లోకి దిగుతుంది. బ్రౌజర్‌లో ‘వ్యూ సోర్స్’ నొక్కితే సరిపోదా అంటే, అది పేజీని మళ్లీ తెప్పించుకోవచ్చు. ఒకసారి వచ్చి ఒకసారి రాని జబ్బును అలా పట్టుకోలేం. పైగా పేజీ సగమే వచ్చినా బ్రౌజర్ వచ్చినంత మేరకు చక్కగా చూపించేస్తుంది. కర్ల్ అయితే తేడా వచ్చిందని మొహమాటం లేకుండా చెబుతుంది.

దిగిన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి అట్టడుగుకు వెళ్లండి. చివర హెచ్‌టీఎంఎల్ ముగింపు ట్యాగ్ (</html>) ఉండీ బ్రౌజర్‌లో మాత్రం సగమే కనిపిస్తుంటే సర్వర్‌ను అనడానికి లేదు. పేజీ మొత్తం వచ్చింది. మధ్యలో ఎవరో ఒక కామెంట్ గుర్తునో, టెక్స్ట్‌ఏరియా ట్యాగ్‌నో తెరిచి మూయకుండా వదిలేశారు. దాని తర్వాతిదంతా బ్రౌజర్ మింగేస్తోంది. ముగింపు ట్యాగ్ లేకపోతేనే మిగతాది చదవండి.

ఇప్పుడు కర్ల్ చివర ఏమన్నదో చూడాలి. ఏమీ అనకుండా ముగిసిందా, లేక బ్రాకెట్లలో 18 అనో 92 అనో అంకె వేసి ఎర్రర్ ఇచ్చిందా? ఈ తేడా చాలా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పేజీ ఎంత పొడుగో ముందే తెలియనప్పుడు సర్వర్ దాన్ని ముక్కలు ముక్కలుగా పంపుతుంది. అన్నీ అయ్యాక ‘ఇక లేదు’ అనడానికి సున్నా పొడవున్న ముక్క ఒకటి పంపుతుంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే భాష హెచ్‌టీటీపీ. దాని 1.1 వెర్షన్‌లో పద్ధతి అది. హెచ్‌టీటీపీ 2లో అదే పనికి వేరే గుర్తు ఉంది. ఆ ఆఖరి గుర్తు రాకుండానే కనెక్షన్ పోతే 1.1లో కర్ల్ సాధారణంగా 18 అంటుంది, 2లో తరచూ 92 అంటుంది. అంటే పంపేవాళ్లే పని మధ్యలో పోయారన్నమాట. గుర్తు సక్రమంగా వచ్చి, పేజీ మాత్రం సగమే ఉంటే, పంపినవాళ్ల లెక్కలో పేజీ అంతే. సర్వర్ తన దగ్గరున్నదంతా పంపేసింది. ఆ పేజీని తయారు చేసే పీహెచ్‌పీ ప్రోగ్రామే మధ్యలో చేతులెత్తేసింది.

మీ సూచిక పేజీ ఈ రెండో రకమని నా అనుమానం. ఎప్పుడూ ఒకే చోట ఆగడం దాని లక్షణం. అన్ని సంచికల్లోని అన్ని రచనలనూ ఒకేసారి డేటాబేస్ నుంచి లాగి ఒకే పేజీలో పేర్చమని రాసి ఉంటారు. పత్రిక చిన్నదిగా ఉన్నప్పుడు అది బాగానే నడిచి ఉంటుంది. ఏళ్లు గడిచి రచనలు పెరిగాక మెమరీ చాలదు. పీహెచ్‌పీలో మెమరీ పరిమితి మామూలుగా 128 మెగాబైట్లు. అది దాటగానే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎర్రర్లు తెరమీద చూపించవద్దని సెట్టింగ్ ఉంటుంది కాబట్టి (ఉండాలి కూడా) పాఠకులకు ఏమీ కనిపించదు.

ఎర్రర్ వస్తే 500 (సర్వర్‌లో లోపం) అని రావాలి కదా, హోస్టింగ్ వాళ్ల లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, 200 (అంతా సరే) అనే ఎందుకు ఉంది అని మీకు సైట్ చేసిచ్చిన అబ్బాయి అడగవచ్చు. ఆ 200 అనే అంకె పేజీ కంటే ముందు వెళ్లిపోతుంది. మొదటి కొన్ని కిలోబైట్లు బయటికి పంపేశాక లోపల ఏం జరిగినా ఇక దాన్ని వెనక్కి తీసుకోలేరు. వర్డ్‌ప్రెస్ 2019లో 5.2 వెర్షన్‌తో, సైట్‌లో తీవ్రమైన పొరపాటు వచ్చిందని చెప్పే సందేశం ఒకటి పెట్టింది. పాఠకులు చూసే పేజీల్లో అదీ ఇంతే, పేజీ బయల్దేరక ముందైతేనే కనిపిస్తుంది. కాబట్టి ‘మా లాగ్‌లో అంతా 200’ అనే మాట మీద ఎవరూ ఏమీ తేల్చలేరు.

తేల్చేది ఎర్రర్ లాగ్. మీ హోస్టింగ్ ఖాతాను నడిపే సీప్యానెల్‌లో ‘ఎర్రర్స్’ అనే చోట చూడండి. సైట్ ఫోల్డర్లలో ‘ఎర్రర్_లాగ్’ అనే పేరుతో ఫైల్ ఉంటే అదీ చూడండి. రెండూ ఖాళీగా ఉంటే వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డీబగ్‌నూ డీబగ్ లాగ్‌నూ ఆన్ చేసి, తెరమీద చూపించే మూడో సెట్టింగ్‌ను ఆఫ్ చేయమని మీ అబ్బాయికి చెప్పండి. పని అయ్యాక ఆ లాగ్ ఫైల్ తీసేయడం మరిచిపోవద్దు. మామూలుగా అది బయటివాళ్లు కూడా తెరవగలిగే ఫోల్డర్‌లో తయారవుతుంది. లాగ్‌లో 134217728 అనే అంకె కనిపిస్తే వెతకడం ఆపేయవచ్చు. 128 మెగాబైట్లను బైట్లలో రాస్తే అదే. 30 సెకన్లు దాటిందని ఉంటే మెమరీ కాదు, సమయం చాలలేదు. ఇక్కడొక మెలిక ఉంది. లినక్స్ మీద ఆ 30 సెకన్లలో డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసిన సమయం కలవదు. పేజీ గడియారం ప్రకారం నిమిషం తీసుకున్నా ఆ పరిమితి తగలకపోవచ్చు.

‘మెమరీ పెంచేస్తే పోలా?’ అంటారు ఎవరైనా. పరీక్ష కోసం ఒకసారి 256కి పెంచి చూడండి. తెగే చోటు కిందికి జరిగితే కారణం మెమరీయేనని రుజువవుతుంది. కానీ అదే మందుగా వాడొద్దు. షేర్డ్ హోస్టింగ్‌లో మీ ఖాతా మొత్తానికి వేరే పరిమితి ఒకటి ఉంటుంది. పీహెచ్‌పీ పరిమితిని దానికంటే పైకి తీసుకెళ్తే, పీహెచ్‌పీ ఆగి లాగ్‌లో కారణం రాసే లోపే సిస్టమ్ ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. అప్పుడు ఇప్పుడున్న ఒక్క ఆధారం కూడా పోతుంది. సూచికను సంవత్సరాల వారీగా విడగొట్టమనండి. పెద్ద పని కాదు. ఎలాగూ అన్ని వందల శీర్షికలను ఒకే పేజీలో చివరిదాకా చూసే ఓపిక పాఠకులకు ఉండదు.

ఇక పొడుగు కథలు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే. హోస్టింగ్ వాళ్ల వైపు గట్టిగా వేలు చూపించేదీ ఇదే.

చాలా హోస్టింగ్‌లలో పాఠకుడికీ పీహెచ్‌పీకీ మధ్య ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్ నిలబడి ఉంటుంది. పీహెచ్‌పీ చకచకా పేజీ తయారుచేసి దాని చేతికిస్తుంది. అది పాఠకుడి ఇంటర్నెట్ వేగాన్ని బట్టి నిదానంగా అందిస్తుంది. ఈలోగా మిగిలినదాన్ని దాచుకోవడానికి దానికి మెమరీలో కొద్ది చోటు ఉంటుంది. ఎవరూ మార్చకపోతే 8 బఫర్లు, ఒక్కొక్కటి 4 లేదా 8 కిలోబైట్లు. అంటే మొత్తం 32 లేదా 64 కిలోబైట్లు. అంతకుమించితే డిస్క్ మీద తాత్కాలిక ఫైల్ తెరిచి అందులో రాసుకుంటుంది. ఆ తాత్కాలిక ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేకపోయినా, డిస్క్ నిండిపోయినా పేజీ అక్కడే తెగుతుంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు ఫోల్డర్ యజమాని పేరు మారిపోయి ఇలా కావడం ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిన సంగతే.

చిన్న పేజీలు ఎందుకు బాగుంటున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. వాటికి తాత్కాలిక ఫైల్ అవసరమే పడదు. రిఫ్రెష్ చేస్తే ఒక్కోసారి ఎందుకు వస్తుందో కూడా అర్థమవుతుంది. ఇంటర్నెట్ వేగంగా ఉంటే బఫర్లు నిండేలోపే ఖాళీ అవుతుంటాయి, ఫైల్ దాకా వెళ్లదు. హోస్టింగ్ వాళ్లు పరీక్షించేది సాధారణంగా వేగమైన కనెక్షన్ మీద. వాళ్లకు పేజీ పూర్తిగా రావడంలో ఆశ్చర్యం లేదు. నెమ్మదిగా ఉన్న మొబైల్ నెట్ మీద చదివే మీ పాఠకుడికి సగమే వస్తుంది. ఇద్దరు చెప్పేదీ నిజమే.

తెలుగు పత్రిక కావడం వల్ల మీకీ ఇబ్బంది త్వరగా వచ్చింది. వెబ్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్ అయితే తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లిష్‌లో 64 కిలోబైట్లంటే చిన్న పుస్తకంలో చాలా భాగం. మన లిపిలో అయితే ఒక మోస్తరు పెద్ద కథ, పైగా థీమ్ కోడ్ కూడా అందులోనే కలవాలి.

ఈ బైట్ల లెక్కతోనే ఇంకో పాత తప్పు కూడా జరుగుతుంది. కొన్ని ప్లగిన్లు, చేత్తో రాసిన కోడ్‌లు పేజీ పొడవును ముందే హెడర్‌లో, అంటే పేజీకి ముందు వెళ్లే సమాచారంలో, చెబుతాయి. ఆ లెక్క బైట్లలో ఉండాలి. అక్షరాల్లో లెక్కపెడితే ఇంగ్లిష్ పేజీకి తేడా తెలియదు, తెలుగు పేజీ మాత్రం చివరిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతుంది. బ్రౌజర్ చెప్పినంత తీసుకుని తృప్తిగా కూర్చుంటుంది, ఏ ఎర్రరూ రాదు. అయితే ఇది ప్రతిసారీ జరుగుతుంది. మీ కథలు అప్పుడప్పుడు పూర్తిగా వస్తున్నాయంటే ఇది కాకపోవచ్చు.

అనుమానాన్ని తేల్చుకోవడానికి ఇలా చేయండి. కర్ల్‌లో వేగానికి పరిమితి పెట్టే ‘లిమిట్-రేట్’ అనే ఆప్షన్ ఉంది. మీ అన్నిటికంటే పొడుగు కథను ఒకసారి పూర్తి వేగంతో, ఇంకోసారి సెకనుకు 5 కిలోబైట్ల వేగంతో దింపండి. రెండోదే తెగితే సగం పని అయినట్టే. తర్వాత పూర్తిగా దిగిన ఫైల్‌ను వేరే పేరుతో మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా అదే సర్వర్‌లో పెట్టి, దాన్నీ అదే నెమ్మది వేగంతో దింపండి. ఆ ఫైల్ పీహెచ్‌పీ గుండా రాదు. అది పూర్తిగా వచ్చి, కథ పేజీ మాత్రం తెగుతుంటే తప్పు ఇంజిన్‌ఎక్స్‌కీ పీహెచ్‌పీకీ మధ్య ఉంది. అక్కడ మీరు గానీ మీ అబ్బాయి గానీ చేయి పెట్టలేరు. రెండూ తెగితే దారిలో ఇంకేదో ఉంది. సీడీఎన్ (మీ పేజీలను మధ్యలో ఉండి పాఠకులకు అందించే సర్వీసు) వాడుతుంటే కాసేపు ఆపి చూడండి. ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్ మీదే జరుగుతూ, పేజీ తెగకుండా తిరుగుతూనే ఉండిపోతుంటే ఆ కనెక్షన్‌నే అనుమానించాలి.

వాళ్లు సరిచేసే వరకు తాత్కాలికంగా ఒక మార్గం ఉంది. పీహెచ్‌పీ నుంచి ‘ఎక్స్-యాక్సెల్-బఫరింగ్’ అనే హెడర్‌ను ‘నో’ అని పంపితే, ఆ పేజీని దాచుకోకుండా నేరుగా అందించమని ఇంజిన్‌ఎక్స్‌కి చెప్పినట్టు. థీమ్‌లో ఒక్క లైను, మీ అబ్బాయి పెట్టగలడు. దీనికీ ఖరీదు ఉంది. నెమ్మదిగా చదివే ప్రతి పాఠకుడి కోసం ఒక పీహెచ్‌పీ ప్రాసెస్ అంతసేపు కట్టుబడి ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు పరిమితి ఉంటుంది. అది నిండితే కొత్తగా వచ్చేవాళ్లకు పరిమితి దాటిందని చెప్పే 508 ఎర్రర్ రావచ్చు. అందుకని కథల పేజీలకే పెట్టించండి, సైట్ మొత్తానికి వద్దు.

హోస్టింగ్ వాళ్లకు రాసేటప్పుడు కోపం పక్కన పెట్టి వివరాలు పెట్టండి. పేజీ అడ్రస్, పరీక్షించిన తేదీ, నిమిషం వరకు సమయం, ఏ టైమ్ జోన్‌లో అన్నది, మీ ఐపీ అడ్రస్, పూర్తి వేగంలో ఎన్ని బైట్లు వచ్చాయి, నెమ్మదిగా ఎన్ని వచ్చాయి, కర్ల్ ఇచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు. ఆఖరున ఒక ప్రశ్న అడగండి: ‘ఆ సమయానికి ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో తాత్కాలిక ఫోల్డర్ విషయంలో పర్మిషన్ డినైడ్ అని గానీ, డిస్క్‌లో చోటు లేదని గానీ ఉందా?’ ఆ లాగ్ షేర్డ్ ఖాతాదారులకు కనిపించదు, వాళ్లే చూడాలి. ఇంత నిర్దిష్టంగా అడిగితే ‘కోడ్ చూసుకోండి’ అని పంపేయడం కష్టం. మొదటి వరుసలో ఉన్న సపోర్ట్ వాళ్లకు ఆ లాగ్ చూసే అధికారం ఉండకపోవచ్చు, పైవాళ్లకు పంపమని అడగండి.

రాసేముందు మీ ఖాతాలో డిస్క్ కోటా నిండలేదని మాత్రం చూసుకోండి. నిండితే క్యాచీ ప్లగిన్ (తయారైన పేజీ కాపీని దాచి మళ్లీ మళ్లీ అందించేది) సగం రాసిన పేజీనే దాచుకుని, అదే అందరికీ పంచిపెట్టవచ్చు. కొన్ని ప్లగిన్లు ముగింపు ట్యాగ్ ఉందో లేదో చూశాకే పేజీని దాస్తాయి, అన్నీ కాదు. క్యాచీ ఒకసారి ఖాళీ చేసి, పరీక్షలన్నీ అది ఆపేసి చేయడం మంచిది. లేకపోతే సమస్య తీరిపోయాక కూడా పాత సగం పేజీయే కనిపించి మళ్లీ మొదటికొస్తారు.

2014 నాటి లేఖ సంగతి వేరు. ఎడిటర్‌లోనే సగం ఉందంటే డేటాబేస్‌లో సగమే ఉంది. పంపడంలో తెగలేదు, దాచేటప్పుడే తెగింది. వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో అప్పట్లో ‘యూటీఎఫ్8’ అన్న పేరుతో ఉన్నది అక్షరానికి 3 బైట్ల వరకే పట్టేది. తెలుగుకు సరిపోయేది కానీ ఎమోజీకి 4 బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాను తీసుకోకుండా ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్) లేని సర్వర్‌లో ఎమోజీ తగలగానే దాన్నీ దాని తర్వాత ఉన్నదంతటినీ వదిలేసి, ముందుదాన్ని మాత్రం దాచేసేది. వర్డ్‌ప్రెస్ 2015లో 4.2 వెర్షన్‌తో 4 బైట్ల పద్ధతికి మారింది. మీ లేఖ దానికంటే ముందుది. పాఠకురాలు పంపిన అసలు ఈమెయిల్ వెతకండి. సైట్‌లో ఆగిన మాట పక్కనే అందులో ఒక నవ్వు బొమ్మ ఉంటే ఇదే కారణం. పోయిన భాగం డేటాబేస్‌లో ఎక్కడా లేదు, పాత రివిజన్లు కూడా అలాగే తెగి ఉంటాయి. ఆ ఈమెయిల్ నుంచి మళ్లీ ఎక్కించడమే దారి. దాంతోపాటు డేటాబేస్ టేబుళ్లు ఇప్పుడు ఆ 4 బైట్ల పద్ధతి అయిన ‘యూటీఎఫ్8ఎంబీ4’లో ఉన్నాయో లేదో చూడమనండి. ఆ కాలంలో వేసిన మిగతా లేఖల చివర్లు కూడా ఒకసారి తిరగేయండి, ఇలాంటివి ఒక్కటే ఉండటం అరుదు.

సూచిక పేజీ బాగుచేయడం మీ అబ్బాయి పని, కథల పేజీలు హోస్టింగ్ వాళ్ల పని, లేఖ మీ పని. ఆధారాలతో రాశాక కూడా హోస్టింగ్ వాళ్లు లాగ్ చూడకుండా అదే పాత జవాబు పంపితే అప్పుడు నిస్సందేహంగా మారిపోండి. డబ్బు పూర్తిగా కట్టేముందు కొత్త సర్వర్‌లో సైట్ కాపీ పెట్టించి, మీ అన్నిటికంటే పొడుగు కథను సెకనుకు 5 కిలోబైట్ల వేగంతో దింపి చూడండి.